ముంజేతి చర్మంతో ఊపిరి గొట్టం

శ్రోతలందరికీ నమస్కారం.

మెడ కింది గుంటకు కాస్త పైన వేలితో మెల్లగా తడిమి చూడండి. గట్టిగా, రింగులు రింగులుగా తగులుతుంది. అదే శ్వాసనాళం. పెద్దవాళ్లకు సుమారు 11 సెంటీమీటర్లు ఉంటుంది. పాడైన భాగం సగం లోపు ఉంటే, ఆ ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టేస్తారు. అంతకు మించితేనే చిక్కు, ఆ చోట కొత్త గొట్టం పెట్టాలి. మోటారు నీళ్లు లాగేటప్పుడు మెత్తటి పైపు అతుక్కుపోతుంది చూడండి, మెత్తటి గొట్టం పెడితే ఊపిరి పీల్చినప్పుడూ అంతే. గట్టిగా ఉండాలి, మెడతో పాటు వంగాలి, పైగా దానికి రక్తం అందాలి.

ఫ్రాన్స్‌లో డాక్టర్ ఫిలిప్ డార్తెవెల్ బృందం 2004లో మొదలుపెట్టి 12 మందికి చేసిన ఆపరేషన్ గురించి చదివి నేను పులకించిపోయాను. వాళ్లలో ఎక్కువమంది క్యాన్సర్ రోగులే. ముంజేతి నుంచి చర్మాన్ని, దానికి రక్తం తెచ్చే నాళాలతో సహా తీశారు. పక్కటెముకల చివరుండే మెత్తటి ఎముకను సన్నటి బద్దలుగా కోసి, ఆ చర్మం కింద వరసగా దూర్చారు. చర్మం లోపలివైపు వచ్చేలా చుట్టి గొట్టం చేశారు. దాన్ని శ్వాసనాళం తీసేసిన చోట కుట్టి, ఆ సన్నటి రక్తనాళాలను మెడలోని రక్తనాళాలకు కలిపారు. చర్మం తనదే, ఎముక తనదే, రక్తం తనదే! అందుకే శరీరం దాన్ని పరాయిదిగా చూడదు.

లోపమూ చెప్పాలి. అసలు శ్వాసనాళం లోపల కంటికి కనపడని నూగు ఉండి కఫాన్ని పైకి తోస్తుంది. చేతి చర్మానికి ఆ నూగు లేదు. ఆపరేషన్ అయ్యాక అందరూ బతకలేదు కూడా. అయినా ఇంత ఓపికైన పని నాకు చాలా గొప్పగా తోస్తుంది.

మన గుంటూరు వైపు ఈ సంగతి ఎందుకంటే, పత్తికీ మిరపకీ కొట్టే పురుగుమందు ఒంట్లోకి పోయి, రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉండి బతికినవాళ్లు మన పల్లెల్లో ఉన్నారు. గొంతులో పెట్టే ట్యూబుకు చుట్టూ గాలి బుడగ ఉంటుంది. అది లోపలి గోడను గట్టిగా నొక్కితే పుండు పడుతుంది. పుండు మానేటప్పుడు దారి ఇరుకైపోతుంది. ఇంటికొచ్చిన కొన్ని వారాలకు ఆయాసం, ఊపిరి పీలుస్తుంటే కూతలాంటి శబ్దం మొదలవుతాయి. దాన్ని ఉబ్బసం అనుకుని ఇన్‌హేలర్‌తో కాలం గడపకండి. డాక్టరు గారికి మొట్టమొదట చెప్పాల్సిన మాట, "నన్ను వెంటిలేటర్ మీద పెట్టారండీ" అని. మళ్లీ చెబుతున్నాను, వెంటిలేటర్ సంగతి ముందు చెప్పండి. బ్రాంకోస్కోపీ, అంటే సన్నటి కెమెరా గొట్టంతో శ్వాసనాళం లోపల చూసే పరీక్ష, చేస్తే ఇరుకు ఎక్కడుందో, ఎంత ఉందో కనిపిస్తుంది. చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు వెంటిలేటర్ మీద పెట్టిన ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితాలు తప్పకుండా వెంట తీసుకెళ్లండి. నమస్కారం.