వెనక చక్రం చప్పుడు: పార్ట్ కొనే ముందు జాడ పట్టండి

నమస్తే అండి. పాత స్ప్లెండర్, పాత పల్సర్, పాత బుల్లెట్... బండి ఏదైనా సరే, వెనక చక్రంలోంచి చప్పుడు వచ్చిందంటే చాలామంది ముందు చేసే పని చైన్ సెట్ (చైను, దాన్ని తిప్పే రెండు పళ్ల చక్రాలు అంటే స్ప్రాకెట్లు) మార్పించడం. డబ్బులు పోతాయి, చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ఈ వీడియోలో ముందు చప్పుడు ఎక్కడిదో పట్టుకుందాం. అది తేలిందంటే రిపేరు పెద్ద కష్టం కాదు.

ముందు బండి నడిపి వినాలి. పొద్దున్నే ట్రాఫిక్ లేని రోడ్డు చూసుకోండి. 40 స్పీడులో క్లచ్ పట్టి బండిని అలా పోనివ్వండి. ఇంజన్ శబ్దం తగ్గినా గుర్‌మనే మోత స్పీడుతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉందంటే బేరింగ్ (చక్రం మెత్తగా తిరగడానికి లోపల ఉండే గుండ్ల రింగు) మీద అనుమానం పెట్టుకోవచ్చు. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు, వదిలినప్పుడు ‘టక్’మని కొడుతోందా? అది చైన్ లూజైనా అవ్వాలి, హబ్‌లో (చక్రం మధ్య భాగంలో) కుదుపు తగ్గించే రబ్బర్లు అరిగైనా ఉండాలి. బ్రేకు తొక్కితేనే కీచుమంటుంటే బ్రేక్ డ్రమ్ విప్పి చూడాల్సిందే.

ఇప్పుడు మెయిన్ స్టాండ్ వేయండి. ఇంజన్ ఆఫ్, గేరు న్యూట్రల్. ఒక మాట గట్టిగా చెప్తున్నాం: ఇంజన్ ఆన్‌లో పెట్టి, గేరు వేసి, చక్రం తిరుగుతుండగా చైన్ దగ్గర చెయ్యి పెట్టొద్దు. చైన్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్య వేళ్లు పడితే తెగిపోతాయి. మనం చేసే పరీక్షలన్నీ చక్రాన్ని చేత్తో తిప్పే.

టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని పక్కలకి ఊపండి. టకటకమని ఆడుతోందా? అయితే ఏది ఆడుతోందో చూడండి. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే చేయి) కదలకుండా చక్రం ఒక్కటే ఊగితే బేరింగ్ పోయింది. ఆర్మ్ కూడా కలిసి ఊగితే ఆర్మ్ బుష్‌లు పోయినట్టు, అది వేరే పని.

తర్వాత బ్రేక్ రాడ్ నట్టు బాగా లూజు చేసి చక్రం తిప్పండి. శబ్దం ఆగిపోతే బ్రేక్ లైనర్లు డ్రమ్‌కి రాసుకుంటున్నాయి. ఆగకపోతే చైన్ లాక్ (చైన్ రెండు చివరల్ని కలిపే లింకు) తీసి చైన్ పక్కకి తప్పించండి, మళ్లీ తిప్పండి. ఇప్పుడు చప్పుడు పోయిందా? చైను, స్ప్రాకెట్లు చూడాలి. ఇంకా కరకరమంటోందా? స్క్రూడ్రైవర్ మొన యాక్సిల్ (చక్రం ఇరుసు) చివర ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని చక్రం మెల్లగా తిప్పండి. బాగున్న బేరింగ్ మెత్తగా తిరుగుతుంది. పోయిన దాంట్లో ఇసుక నలిగినట్టు వినిపిస్తుంది.

చైన్ సంగతి త్వరగా చెప్పేస్తా. పాత బండ్లలో ఎక్కువగా వచ్చే 428 చైన్‌కి 20 లింకుల పొడవు కొత్తలో 254 మి.మీ. లాగి పట్టి కొలిస్తే 259 దాటిందంటే సెట్ మొత్తం మార్చండి, చైన్ ఒక్కటే మార్చొద్దు. అరిగిన పళ్లు కొత్త చైన్‌ని తొందరగా తినేస్తాయి.

బేరింగ్ అని తేలితే చక్రం విప్పాలి. బ్రేక్ రాడ్, టార్క్ రాడ్ (బ్రేక్ ప్లేట్ తిరగకుండా ఆపే రాడ్) బోల్టు, యాక్సిల్ నట్టు తీసి యాక్సిల్ లాగండి. రెండు పక్కలా వచ్చే కాలర్లు (యాక్సిల్ మీద తొడిగే చిన్న గొట్టాలు) ఏ పక్కవి, ఎటు తిరిగి ఉన్నాయి అని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. బ్రేక్ ప్లేట్ తీశాక లోపలి దుమ్ము గాలి కొట్టి ఊదొద్దు, పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడవండి.

బేరింగ్ లోపలి రింగులో వేలు పెట్టి తిప్పండి. ఇదిగో, ఇక్కడ పట్టేస్తోంది చూడండి. గ్రీజు తుప్పు రంగులోకి మారింది. వానాకాలంలో హైదరాబాద్ మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలోంచి బండి తీస్తే, లేదా వాటర్ సర్వీసులో ప్రెషర్ గన్ నేరుగా యాక్సిల్ మీద కొడితే, అరిగిన ఆయిల్ సీలు దాటి నీళ్లు లోపలికి పోతాయి. కాబట్టి బేరింగ్‌తో పాటు సీలు కూడా కొత్తదే వేయండి.

రెండు బేరింగ్‌ల మధ్య ఒక పొడవాటి గొట్టం లాంటి కాలర్ ఉంటుంది. దాన్ని రాడ్‌తో కాస్త పక్కకి జరిపి, అవతలి బేరింగ్ అంచు మీద చుట్టూ కొద్దికొద్దిగా కొట్టుకుంటూ బయటికి తీయండి. ఇలా తీసిన బేరింగ్ మళ్లీ పనికిరాదు. చాలా బండ్లలో స్ప్రాకెట్ హబ్‌లో మూడోది కూడా ఉంటుంది, దాన్ని మర్చిపోవద్దు.

పాత బేరింగ్ వెంట తీసుకెళ్లి రాణీగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో అదే నంబరు అడగండి. 6301 అంటే లోపలి రంధ్రం 12 మి.మీ, 6302 అంటే 15. నంబరు పక్కన 2ఆర్ఎస్ (2RS) అని ఉంటే రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నట్టు. మన వర్షాలకి అదే మంచిది. మంచి కంపెనీది, బిల్లుతో తీసుకోండి.

బిగించడంలోనే అసలు తప్పులు జరుగుతాయి. కొత్త బేరింగ్ బయటి రింగు మీదే దెబ్బ పడాలి. సరిపోయే సాకెట్‌నో, పాత బేరింగ్‌నో అడ్డం పెట్టి కొట్టండి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల మీద పడి, మొదటి రోజు నుంచే మోత మొదలవుతుంది. ముందు ఒక బేరింగ్ పూర్తిగా దింపి, లోపల కాలర్ వేసి, రెండోది ఆ కాలర్‌కి తగిలేదాకా మాత్రమే దింపండి. కాలర్ వేయడం మరిచినా, దాని చివరలు నలిగి పొట్టిగా అయినా, యాక్సిల్ బిగించగానే బేరింగ్‌లు పక్కనుంచి నొక్కుకుపోతాయి. కొత్తగా వేసిన బేరింగ్ నెల తిరక్కుండా మళ్లీ అరవడానికి ఎక్కువగా కారణం ఇదే.

బేరింగ్ చేత్తో నొక్కితేనే హబ్‌లోకి దిగిపోతోందా? అయితే హబ్ అరిగింది. పంచ్‌తో చుక్కలు కొట్టి బిగిస్తామంటారు, ఒప్పుకోవద్దు. కొన్నాళ్లకి మళ్లీ లూజవుతుంది. లేత్‌లో బుష్ వేయించండి, లేదంటే హబ్ మార్చండి.

చక్రం ఎలాగూ బయటే ఉంది కాబట్టి హబ్ రబ్బర్లూ చూడండి. స్ప్రాకెట్‌ని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పితే బాగా ఆడుతుంటే మార్చేయండి. పాత ట్యూబు ముక్కలు కుక్కడం నాలుగు రోజుల ముచ్చటే. లైనర్ల మందం 2 మి.మీ.కి దగ్గరపడితే మార్చండి. లోపలి వ్యాసం 110 మి.మీ. ఉన్న డ్రమ్ అరిగి పెరగడానికి సాధారణంగా 111 దాకా పరిమితి, చాలాసార్లు డ్రమ్ మీదే రాసుంటుంది. బ్రేక్ క్యామ్‌కి (లైనర్లని డ్రమ్ మీదికి నెట్టే భాగానికి) గ్రీజు పల్చగా రాస్తే చాలు, లైనర్‌కి అంటితే బ్రేకు పట్టదు.

తిరిగి బిగించేటప్పుడు చైన్ కింది వరస మధ్యలో 25 మి.మీ. దాకా ఆడేలా పెట్టుకోండి, మీ బండి మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే అదే పాటించండి. చక్రం తిప్పుతూ చైన్ ఎక్కడ ఎక్కువ బిగుతుగా ఉందో అక్కడ కొలవాలి. రెండు పక్కలా అడ్జస్టర్ గీతలు సమానంగా ఉండాలి. బ్రేకు తొక్కి పట్టుకుని యాక్సిల్ నట్టు బిగిస్తే లైనర్లు డ్రమ్ మధ్యకి సర్దుకుంటాయి. చైన్ లాక్ క్లిప్‌కి మూసి ఉన్న వైపు చైన్ వెళ్లే దిక్కుకి ఉండాలి, అంటే పై వరసలో బండి ముందు వైపుకి. టార్క్ రాడ్ బోల్టుకి స్ప్లిట్ పిన్ కొత్తది వేయండి. ఆ బోల్టు ఊడితే బ్రేకు తొక్కగానే ప్లేటు తిరిగి చక్రం పట్టేస్తుంది, మనిషి పడిపోతాడు.

ఐదు కిలోమీటర్లు బ్రేకు తక్కువగా వాడుతూ నడిపి, ఆగి హబ్ మీద జాగ్రత్తగా చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బ్రేకు రాసుకుంటోందో, బేరింగ్ పట్టేస్తోందో అన్నట్టు. ముందు బ్రేక్ రాడ్ నట్టు కాస్త వదిలి మళ్లీ చూడండి. అప్పటికీ కాలుతుంటే చక్రం విప్పి లోపలి కాలర్ చూడండి.