రెండు హెల్మెట్లను కోసి చూశాను: తలను కాపాడేది ఏ పొర?

నమస్కారం. ఈ రోజు నా బల్ల మీద రెండు హెల్మెట్లు ఉన్నాయి. ఒకటి రోడ్డు పక్కన చెట్టు కింద 250 రూపాయలకు కొన్నది, రెండోది దుకాణంలో 1,650 రూపాయలకు కొన్న ఐఎస్ఐ మార్కు హెల్మెట్. మనం చూడవలసింది లోపలి సంగతి కనుక కంపెనీల పేర్లు కనబడకుండా టేపు అంటించాను.

రెండింటినీ హాక్సా బ్లేడుతో నడినెత్తి మీదుగా నిలువునా కోశాను. దగ్గరగా చూడండి. చవక హెల్మెట్‌లో పైన పలుచని ప్లాస్టిక్ డొప్ప, దాని కింద గుడ్డ కప్పిన స్పాంజి, అంతే. బొటనవేలితో నొక్కితే స్పాంజి పూర్తిగా అణిగిపోయి వేలు డొప్పకు తగులుతోంది. రెండో దానిలో డొప్పకూ స్పాంజికీ మధ్య గట్టి థర్మోకోల్ పొర ఉంది. స్కేలు పెట్టి కొలిస్తే నెత్తి దగ్గర దాని మందం 35 మిల్లీమీటర్లు. వేలితో ఎంత నొక్కినా అది లొంగదు, కానీ సుత్తితో ఒక దెబ్బ వేశాక చూడండి, గుంట పడింది, ఆ గుంట మళ్లీ పైకి లేవలేదు. మనం డబ్బు పెట్టి కొనుక్కునేది ఈ గుంట పడే గుణాన్నే.

ఎందుకో లెక్కతో చెబుతాను. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. బండి మీద నుంచి పడినప్పుడు తల దాదాపు 1.8 మీటర్ల ఎత్తు నుంచి నేలకు వస్తుందనుకుంటే, నేలను తాకే క్షణానికి దాని వేగం సెకనుకు సుమారు 6 మీటర్లు ఉంటుంది. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం 30 యూనిట్లు. తల ఆగాలంటే ఆ 30 సున్నా కావలసిందే, హెల్మెట్ ఉన్నా లేకపోయినా అందులో మార్పు ఉండదు. న్యూటన్ 1687లో ప్రచురించిన రెండో నియమం ప్రకారం బలమంటే ద్రవ్యవేగం మారే రేటు కాబట్టి, ఆ 30 ఎంత సమయంలో సున్నా అయిందన్నదే తల మీద పడే బలాన్ని నిర్ణయిస్తుంది.

లారీ మీద నుంచి ఇటుకలు విసురుతుంటే కింద నిలబడి అందుకునే మనిషిని గమనించండి. ఇటుక చేతిలో పడిన మరుక్షణం ఆయన చేతులు దానితో పాటే కిందికి దిగుతాయి. చేతులు బిగబట్టి పట్టుకుంటే అరచేతులు పగిలిపోతాయని ఆయనకు అనుభవం నేర్పింది. థర్మోకోల్ చేసేది కూడా అదే పని.

హెల్మెట్ లేని తల సిమెంటు రోడ్డుకు తగిలి 5 మిల్లీమీటర్ల దూరంలోనే ఆగిపోయిందనుకుందాం. సగటు బలం 18,000 న్యూటన్లు వస్తుంది. అదే తల థర్మోకోల్‌ను 25 మిల్లీమీటర్లు నలుపుతూ ఆగితే సగటు బలం 3,600 న్యూటన్లే. ఆగడానికి పట్టే సమయం సెకనులో వెయ్యోవంతులు ఒకటిన్నర పైచిలుకు నుంచి ఎనిమిది పైచిలుకు దాకా పెరిగింది, బలం ఐదో వంతుకు తగ్గింది. మెడ ప్రభావాన్ని వదిలేసి వేసిన సులభమైన లెక్క ఇది, అయినా తేడా ఎంతటిదో తెలియడానికి చాలు. చవక హెల్మెట్‌లోని మెత్తని స్పాంజి కొద్దిపాటి బలానికే పూర్తిగా అణిగిపోతుంది కాబట్టి, అసలు దెబ్బ తగిలే సమయానికి దాని దగ్గర ఇవ్వడానికి దూరం మిగలదు.

గట్టి డొప్ప ఉంటే చాలదన్న సంగతి మనుషులకు ఆలస్యంగా తెలిసింది. అరేబియా లారెన్స్‌గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935లో మోటార్ సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి చనిపోయారు. ఆయనను చూసిన వైద్యుల్లో ఒకరైన హ్యూ కెయిర్న్స్ ఆ తరువాత మోటార్ సైకిల్ నడిపేవారి తల గాయాలను అధ్యయనం చేసి, 1941లో హెల్మెట్ల ప్రయోజనంపై పరిశోధన పత్రం ప్రచురించారు. దెబ్బను లోపలి పొర మింగేసేలా రూపొందించిన హెల్మెట్‌కు అమెరికాలో 1953లో పేటెంటు వచ్చింది. మన దేశంలో 2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనాల హెల్మెట్లకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, దాని ప్రమాణం సంఖ్య ఐఎస్ 4151.

మంచి హెల్మెట్ గురించి కూడా నిజం చెప్పాలి. 60 కిలోమీటర్ల వేగంతో తల నేరుగా డివైడరుకు తగిలితే, అదే 25 మిల్లీమీటర్లతో లెక్క వేసినా సగటు బలం 27,000 న్యూటన్లు దాటుతుంది, అంటే నిలబడిన ఎత్తు నుంచి ఉత్త తలతో పడినప్పటి కన్నా ఎక్కువ. వేగం మూడింతలకు కాస్త తక్కువగా పెరిగితే అదే దూరంలో ఆపడానికి కావలసిన బలం దాదాపు ఎనిమిది రెట్లయింది. హెల్మెట్ పెట్టుకున్నామన్న ధైర్యంతో వేగం పెంచే పిల్లలకు ఈ ఒక్క అంకె చూపించమని తల్లిదండ్రులను వేడుకుంటున్నాను.

వాడుకలో ఈ 1,650 రూపాయల హెల్మెట్‌కు లోపాలు లేకపోలేదు. వానలో ముందు అద్దానికి ఆవిరి పడుతుంది, మే నెల ఎండలో నుదురు తడిసి ముద్దవుతుంది. గడ్డం పట్టీ మాత్రం గట్టిగా ఉంది, బిగించి తలను అటూ ఇటూ ఊపినా హెల్మెట్ జారలేదు. నా కొలతకు ఇదే కొంటాను, చవక దాన్ని ఎవరికీ ఉచితంగా కూడా ఇవ్వను.

చివరగా ఈ మూడో హెల్మెట్. రెండేళ్ల క్రితం ఇసుక మీద బండి జారి పడినప్పుడు నా తల మీద ఉన్నది ఇదే. పైన చిన్న గీత తప్ప ఏమీ కనబడదు, కానీ లోపలి గుడ్డ తీస్తే ఎడమ చెవి పైన థర్మోకోల్ 8 మిల్లీమీటర్లు నలిగి ఉంది. అక్కడ మళ్లీ దెబ్బ తగిలితే ఆ 8 మిల్లీమీటర్లు నాకు దొరకవు. చెత్తలో నుంచి తీసుకుని ఎవరూ వాడకుండా దీని పట్టీని ఇప్పుడే మీ ముందు కోసేస్తున్నాను.