తెల్లనివన్నీ పిండినల్లులు కావు

హోస్ట్: నమస్కారం. బెంగళూరులో మిద్దె తోటలు పెంచుకుంటున్న తెలుగువాళ్ళ కోసం మనం చేసుకుంటున్న పాడ్‌కాస్ట్ ఇది. మారతహళ్ళి నుంచి, కేఆర్ పురం నుంచి వాయిస్ మెసేజులు వచ్చాయి. అందరిదీ ఒకటే టెన్షన్. మందార మొగ్గల నిండా తెల్లటి పిండి. ఏం మందు కొట్టాలక్కా?

అక్క: మందు మాట తర్వాత తమ్ముడూ, ముందు ఒక నిమిషం ఆ కొమ్మ దగ్గర నిలబడి చూడమను. తెల్లగా ఉన్నదల్లా పిండినల్లి కాదు. పిండినల్లి అంటే మొక్క రసం పీల్చే చిన్న తెల్ల పురుగు, గుంపుగా, దాదాపు కదలకుండా అతుక్కుని ఉంటుంది. ఆ గుంపు మధ్యలో ఒకటి కాస్త పెద్దగా, ఒంటినిండా పొడవాటి తెల్లటి పోగులతో చకచకా నడుస్తూ కనిపించిందనుకో, దాన్ని ముట్టుకోవద్దు. అది క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లిని తినే పురుగే అచ్చం పిండినల్లిలా ఉంటుంది!

హోస్ట్: అక్షింతల పురుగంటే ఎర్రగా, నల్ల చుక్కలతో ఉండేది కదా?

అక్క: ఇది వేరే రకం. పెద్దదయ్యాక రెక్కలు నల్లగా, తల నారింజ రంగులో ఉంటాయి. చుక్కలుండవు. 1898లో కాఫీ తోటల్లో పొలుసు పురుగు కోసం ఆస్ట్రేలియా నుంచి తెప్పించారు. తర్వాత దక్షిణాదిలో స్థిరపడిపోయింది. పిల్ల పురుగుని తెలియక నలిపేసేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

హోస్ట్: మరి ఆ పురుగు ఉన్నా పిండినల్లి ఎందుకు తగ్గదు?

అక్క: చీమల వల్ల. పిండినల్లి రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది. ఆకుల మీద నల్లటి మసిలా పట్టేది ఆ జిగురు మీద పెరిగే బూజే. ఆ తీపి కోసం చీమలు కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. అందుకే మొదట చీమల దారి మూసెయ్యాలి. కుండీల స్టాండు కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టు. నీళ్ళల్లో రెండు చుక్కలు సబ్బు వెయ్యి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. కొమ్మలు గోడకి తగలకుండా కత్తిరించు, లేకపోతే అటు నుంచి ఎక్కుతాయి.

హోస్ట్: అప్పటికే పట్టిన పిండిని?

అక్క: కొంచెమే ఉంటే పాత టూత్‌బ్రష్‌తో దులిపి, పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టు. బాగా ముదిరిన కొమ్మల్ని కోసి కవర్లో మూట కట్టి పారెయ్యి. కంపోస్టులో మాత్రం వెయ్యకు. ఆ తర్వాతే వేపనూనె. లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్లు, కాస్త సబ్బు. పిండినల్లి ఒంటి మీద మైనం ఉంటుంది, సబ్బు లేకపోతే మందు జారిపోతుంది. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు తయారు చేసిన వేప సబ్బు కూడా బాగుంటుంది. సాయంత్రం పూట, ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. వారానికి మళ్ళీ ఒకసారి. క్రిప్టోలేమస్ పిల్లలున్న కొమ్మని మాత్రం వదిలెయ్యి.

హోస్ట్: షాపుల్లో ఘాటైన మందులు ఇస్తున్నారు కదా, ఒక్క దెబ్బకి పోతాయని.

అక్క: వాటితో మనకి సాయం చేసేవీ పోతాయి. బొప్పాయి పిండినల్లి సంగతి చూడు. 2008లో కోయంబత్తూరులో బయటపడింది. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటల్ని దెబ్బతీసింది. 2010లో మన బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటకాల సంస్థ ప్యూర్టోరికో నుంచి చిన్న కందిరీగల్ని తెప్పించి వదిలింది. ఆవగింజ కన్నా చిన్నవి, మనుషుల్ని కుట్టవు. పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెడతాయి, పిల్ల దాన్ని లోపలి నుంచి తినేస్తుంది. అంత పెద్ద బెడద అలా అదుపులోకి వచ్చింది. అలాంటి జీవుల మీద ఘాటు మందు కొడితే మనకి మిగిలేదేంటి?

హోస్ట్: చివరిగా మిరప. ఆకులన్నీ ముడుచుకుపోతున్నాయని అడిగారు.

అక్క: ఎటు ముడుచుకుంటోందో చూడమను. అంచులు పైకి లేచి పడవలా అయితే తామర పురుగు, పైముడత అంటాం. కిందికి తిరగేసినట్టు అయితే నల్లి (పిండినల్లి కాదు, మైట్ అంటారే అది), అది కింది ముడత. తామర పురుగుకి వేపనూనె, నీలం రంగు జిగురు అట్టలు. నల్లికైతే నీళ్ళలో కరిగే గంధకం, లీటరుకి మూడు గ్రాములు. మంచి ఎండలో కొట్టకూడదు. వేపనూనె కొట్టాక కనీసం రెండు వారాలు ఆగి గంధకం కొట్టాలి, లేకపోతే ఆకులు మాడిపోతాయి. అలా కాకుండా ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, మొక్క గిడసబారిపోతే తెల్లదోమ తెచ్చిన వైరస్. దానికి మందు లేదు. మొక్క పీకెయ్యాలి, పక్క కుండీల దగ్గర పసుపు అట్టలు కట్టాలి.