డిక్కీ మూత పడితే చాలదు

అందరికీ నమస్కారం. పండక్కి ఊరెళ్ళే హడావుడిలో ఉన్నారు, ఎక్కువసేపు తీసుకోను.

కారు నిండిందా లేదా అని మనం చూసేది ఒకటే: డిక్కీ మూత పడిందా? పడకపోతే మోకాలితో నొక్కి మరీ వేస్తాం. డిక్కీలో చోటుందో లేదో తెలుస్తుంది గానీ బరువు సంగతి తెలియదు. దుప్పట్లతో కిక్కిరిసిన డిక్కీ కంటే బియ్యం బస్తాలతో సగం నిండిన డిక్కీయే ప్రమాదం.

కారు పుస్తకంలో రెండు అంకెలుంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు, రెండోది మనుషులు, సామానుతో కలిపి దాటకూడని మొత్తం బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మనం ఎక్కించగలిగిందెంతో వస్తుంది. చాలా చిన్న కార్లలో అది 400, 450 కిలోల దగ్గర తేలుతుంది. ఐదుగురు పెద్దవాళ్ళు, మనిషికి 70 కిలోల చొప్పున 350. ఇక మిగిలేది యాభై నుంచి వంద. బయట సీఎన్‌జీ కిట్ వేయించుకుంటే ఆ సిలిండరు బరువూ ఇందులోదే.

వెళ్ళేటప్పుడు ఫర్వాలేదు, బట్టల పెట్టెలే కదా. గొడవంతా తిరుగు ప్రయాణంలో. 25 కిలోల కొత్త బియ్యం బస్తాలు రెండు, కందిపప్పు, కొబ్బరికాయలు, అరిసెల డబ్బా. "కార్లోనే కదమ్మా, ఇదీ పెట్టుకో" అంటుంది అమ్మమ్మ. ఆవిడకి అడ్డు చెప్పే ధైర్యం నాకైతే లేదు. ఇంతలో బాబాయ్ కూడా హైదరాబాద్ దాకా వస్తానంటాడు, చంటోడు ఒళ్ళోకి మారతాడు. వాడికిక సీటు బెల్టు ఉండదు.

ఈ బరువులో ఎక్కువ భాగం వెనక టైర్ల మీద పడుతుంది. టైరు పక్కన 185/65 ఆర్15 88హెచ్ లాంటి రాత ఉంటుంది. అందులో 88 అంటే ఆ టైరు 560 కిలోల దాకా మోస్తుందని. నాలుగూ కలిపి 2,240 కదా అని సంబరపడకండి. అది గాలి సరిగ్గా ఉన్నప్పటి మాట. పైగా స్ప్రింగులు, యాక్సిల్, బ్రేకులు ఎంత ఆగగలవో కూడా చూసే కంపెనీ పరిమితి పెడుతుంది. గాలి తక్కువై బరువు ఎక్కువైతే చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్కభాగం అతిగా వంగి వేడెక్కుతుంది. అలా గంటల తరబడి హైవే మీద స్పీడుగా పోతే పేలిపోవచ్చు.

డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కరుంటుంది. చాలా కార్లకి మామూలు ప్రయాణానికి ఒక గాలి, ఫుల్ లోడుకి ఒక గాలి అని విడివిడిగా రాసి ఉంటుంది. బంకులో కుర్రాడు "ముప్పై రెండా సార్?" అంటే తల ఊపేయకుండా ఆ స్టిక్కర్ చూసి చెప్పండి. అదీ బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే.

బ్రేకుల మాటకొస్తే, బరువు పెరిగినకొద్దీ బండిని ఆపడానికి అవి అంత ఎక్కువ వేడిని తట్టుకోవాలి. శ్రీశైలం ఘాట్ దిగుతూ బ్రేకు మీద కాలు తీయకపోతే ఒక దశలో అవి పట్టు వదిలేస్తాయి. గేరు తగ్గించి దిగండి. సామాను టాపు మీదికెక్కిస్తే మలుపుల్లో బండి ఇంకా ఊగుతుంది.

రాత్రి ఇంకో తంటా. వెనక భాగం కుంగి ముందు లైట్లు పైకి లేస్తాయి, ఎదుటి డ్రైవర్ కళ్ళల్లో పడతాయి. స్టీరింగ్ దగ్గర 0, 1, 2, 3 అని చిన్న చక్రం చాలా కార్లలో ఉంటుంది. అది లైట్లు దించడానికే. కొన్నప్పటి నుంచీ సున్నా మీదే ఉంచినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు!

బియ్యం మానుకోమని అనను, అమ్మమ్మ ఊరుకోదు. ఆర్టీసీ కార్గోలో వేస్తే బస్తాలు వాటంతటవే వస్తాయి. ఇప్పుడు కింద పార్కింగ్‌లోకి వెళ్ళి ఎవరి కారు స్టిక్కర్ వాళ్ళం చదువుదాం పదండి.