30 గ్రాముల బలం, వేల గంటల ఓర్పు

సభలోని పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

మీలో సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. రాకెట్ లేస్తుంటే మేడెక్కి చూడటం మీకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ముందు మంట, తర్వాత పొగ, కాసేపటికి కిటికీలు అదిరే చప్పుడు. ఇవాళ నేను మాట్లాడబోయే ఇంజిన్‌కు అవేవీ లేవు. నేల మీద పెడితే అది తన బరువును కూడా తాను లేపుకోలేదు. అయినా రాబోయే ఇరవై ఏళ్లలో శ్రీహరికోట నుంచి మనం ఏమేం పంపగలం అన్నది చాలావరకు ఈ ఇంజిన్ మీదే ఆధారపడుతుందని నా గట్టి నమ్మకం. దాని పేరు ఎలక్ట్రిక్ థ్రస్టర్.

ముందు బరువు సంగతి చూద్దాం. 2018 డిసెంబరులో 5,854 కిలోల జీశాట్-11ను ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 మీద పంపాం. 2024 నవంబరులో 4,700 కిలోల జీశాట్-ఎన్2 అమెరికాలోని కేప్ కెనావరల్ నుంచి ఫాల్కన్-9 మీద వెళ్లింది. మన ఉపగ్రహాలను పరాయి రేవుల నుంచి ఎందుకు పంపాలి? మన అతి బలమైన రాకెట్ ఎల్వీఎం3కి అంత బరువును భూస్థిర బదిలీ కక్ష్యకు చేర్చే శక్తి అప్పటికి లేదు కాబట్టి. 2025 నవంబరు 2న శ్రీహరికోట నుంచి అదే ఎల్వీఎం3 మీద 4,410 కిలోల సీఎంఎస్-03 వెళ్లింది. మన గడ్డ మీద నుంచి ఆ కక్ష్యకు వెళ్లిన వాటిలో అదే బరువైనది. చాలా సంతోషించాల్సిన విషయం. కానీ ఇలాంటి సమాచార ఉపగ్రహాల బరువులో ఏముందో ఎప్పుడైనా ఆలోచించారా? సుమారు సగం ఇంధనమే.

రాకెట్ ఉపగ్రహాన్ని నేరుగా 36,000 కిలోమీటర్ల ఎత్తులో దింపి రాదు. సాగదీసిన దీర్ఘవృత్తంలో వదిలేస్తుంది, ఇందాక చెప్పిన బదిలీ కక్ష్య అదే. అక్కడి నుంచి గుండ్రటి కక్ష్యలోకి చేరడం ఉపగ్రహం సొంత బాధ్యత. చేరాక సూర్యచంద్రులు పక్కకు లాగుతూనే ఉంటారు కాబట్టి, పదిహేనేళ్లపాటు తన చోటు తాను కాపాడుకోవాలి. ఈ రెండు పనులకూ ఇంధనం కావాలి.

అంత ఎందుకు కావాలో 1903లోనే రష్యాలో త్సియోల్కోవ్‌స్కీ లెక్క తేల్చారు. మనం వెనక్కి విసిరే పదార్థం ఎంత వేగంగా పోతే, దాన్ని అంత తక్కువగా మోసుకెళ్తే సరిపోతుంది. రసాయన ఇంధనంలో శక్తి ఆ ఇంధనంలోనే దాగి ఉంటుంది. ఉపగ్రహాల్లో వాడే రసాయన ఇంజిన్ నుంచి వాయువు సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. రసాయన బంధాల్లో ఉన్న శక్తే అంత. ఎలక్ట్రిక్ థ్రస్టర్‌లో శక్తి సౌర ఫలకాల నుంచి వస్తుంది, ఇంధనం విసరడానికి పనికొచ్చే పదార్థం మాత్రమే. అందుకే వీటిలో ఒక రకమైన హాల్ థ్రస్టర్లలో సెకనుకు 15 నుంచి 20 కిలోమీటర్ల వేగం, మరో రకమైన, గ్రిడ్లు అనే లోహపు జల్లెడలున్న అయాన్ ఇంజిన్లలో 30 కిలోమీటర్ల వేగం కూడా మామూలే.

ఇంత మంచిదైతే అందరూ ఎప్పుడో ఎందుకు వాడలేదు? నోట్‌బుక్ ఉన్నవాళ్లు నాతోపాటు ఈ లెక్క వేయండి. ఇస్రో తయారుచేసిన పెద్ద థ్రస్టర్ బలం 300 మిల్లీన్యూటన్లు. అంటే 30 గ్రాముల బరువు, ఒక చిన్న నిమ్మకాయ అరచేతిలో ఉన్నంత. దాన్ని 2 టన్నుల ఉపగ్రహానికి బిగించాం అనుకోండి. బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం 0.00015, అంటే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 0.00015 మీటర్లు పెరుగుతుంది. రోజుకు 86,400 సెకన్లు. గుణిస్తే, రోజంతా ఆపకుండా నెట్టినా పెరిగే వేగం సెకనుకు 13 మీటర్లు. బదిలీ కక్ష్య నుంచి ఇలా మెల్లగా ఎక్కాలంటే మొత్తం సెకనుకు 2 కిలోమీటర్లు కావాలి అనుకుందాం. 154 రోజులు పడుతుంది. ఈ ఐదు నెలల్లో ఖర్చయ్యే జెనాన్, అంటే వెనక్కి విసిరే వాయువు, సుమారు 220 కిలోలు. సెకనుకు 17 మిల్లీగ్రాములు, అంతే. అదే ఉపగ్రహాన్ని రసాయన ఇంజిన్‌తో ఎక్కిస్తే ఇంధనం వెయ్యి కిలోలు దాటుతుంది. బరువులో ఎంత లాభమో చూశారు కదా. ఇప్పుడు ఆ 154 రోజులను గంటల్లోకి మార్చండి. దాదాపు 3,700 గంటలు. రాకెట్ ఇంజిన్ నిమిషాల్లో తన పని ముగించేస్తుంది. ఇది 3,700 గంటలు వెలగాలి, తర్వాత పదిహేనేళ్లు అడిగినప్పుడల్లా వెలగాలి. మధ్యలో బాగుచేయడానికి అక్కడికి ఎవరూ వెళ్లలేరు.

అందుకే ఈ రంగంలో అసలు పరీక్ష ఆయుష్షుకే అంటాను. బలం ఎంత, వేగం ఎంత అని అందరూ అడుగుతారు. నేనైతే ఏ థ్రస్టర్ గురించి విన్నా ముందు ఎన్ని గంటలు నడిచిందని అడుగుతాను.

ఆయుష్షు ఎక్కడ తరుగుతుందో తెలియాలంటే లోపలికి తొంగిచూడాలి. హాల్ థ్రస్టర్‌ను ఎదురుగా నిలబడి చూస్తే ఉంగరం ఆకారంలో ఒక లోతైన గాడి కనిపిస్తుంది. దాని గోడలు బోరాన్ నైట్రైడ్ అనే తెల్లటి పింగాణీ పదార్థంతో చేస్తారు. గాడి అడుగున ఆనోడ్, జెనాన్ వాయువు వచ్చేదీ అక్కడినుంచే. బయట కాథోడ్. ఈ రెంటి మధ్య సుమారు 300 వోల్టులు. గాడికి అడ్డంగా అయస్కాంత క్షేత్రం. కాథోడ్ నుంచి బయల్దేరిన ఎలక్ట్రాన్లు ఆనోడ్ వైపు పరుగెత్తబోయి ఆ అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుంటాయి. గాడి వెంట గుండ్రంగా తిరగడం మొదలుపెడతాయి. 1879లో ఎడ్విన్ హాల్ ఒక లోహపు రేకులో గమనించిన ప్రభావానికి ఇది దగ్గరి చుట్టం కాబట్టి ఆ పేరు. తిరిగే ఎలక్ట్రాన్లు జెనాన్ పరమాణువులను ఢీకొని వాటిలోంచి ఒక్కో ఎలక్ట్రాన్‌ను ఊడగొడతాయి. మిగిలిన అయాన్ ఎలక్ట్రాన్ కంటే రెండు లక్షల రెట్లకు పైగా బరువైనది. అయస్కాంత క్షేత్రం దాన్ని పెద్దగా వంచలేదు, విద్యుత్ క్షేత్రం మాత్రం బయటికి తోసేస్తుంది. నీలిరంగు వెలుగుతో ఆ ధార పోతున్నంతసేపూ కాథోడ్ దానిలోకి ఎలక్ట్రాన్లు కలుపుతూ ఉంటుంది, లేకపోతే ఉపగ్రహం మొత్తం రుణావేశంతో నిండిపోయి ధార వెనక్కి తిరుగుతుంది.

అయాన్లన్నీ తిన్నగా పోతే బాధే లేదు. కొన్ని పక్కకు మళ్లి పింగాణీ గోడను కొడతాయి. కొట్టినప్పుడల్లా గోడలోంచి కొన్ని పరమాణువులు రాలతాయి. రోజుకు రాలేది కంటికి కనిపించదు. కానీ కొన్ని వేల గంటలకు గోడ అరిగి, వెనకున్న అయస్కాంత ధ్రువాలు బయటపడతాయి. అక్కడితో థ్రస్టర్ పని అయిపోయినట్టే. సోవియట్ యూనియన్‌లో అలెక్సీ మొరోజోవ్ బృందం రూపొందించిన ఈ రకం థ్రస్టర్ 1970ల తొలినాళ్లలోనే మీటియోర్ ఉపగ్రహం మీద ఎగిరింది. ఆ రోజుల నుంచీ ఈ అరుగుదలే ఇంజినీర్లను వేధిస్తూ వచ్చింది. మందు దొరికిన తీరు నాకు ఎంతో ఇష్టం. అమెరికాలో బీపీటీ-4000 అనే థ్రస్టర్‌ను 10,000 గంటలకు పైగా నడిపితే, కొన్ని వేల గంటల తర్వాత గోడ అరగడం దాదాపు ఆగిపోయింది. ఎందుకని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు తవ్వితే, అయస్కాంత రేఖలు గోడను ఆనుకుని సాగే ఆకారంలో ఉంటే వేడి ఎలక్ట్రాన్లు గోడ దాకా రావని, అయాన్లు గోడవైపు ఉరకవని తేలింది. ఇప్పుడు దాన్నే కావాలని డిజైన్ చేస్తున్నారు, మాగ్నెటిక్ షీల్డింగ్ అంటారు. ఆ పరీక్షను వెయ్యి గంటలకే ఆపేసి ఉంటే ఈ సంగతి అప్పుడు బయటపడేదే కాదు.

అయాన్ ఇంజిన్ల కథా అంతే. 1964 జులై 20న నాసా ప్రయోగ నౌక సెర్ట్-1 మీద హరాల్డ్ కాఫ్‌మన్ రూపొందించిన ఇంజిన్ అంతరిక్షంలో 31 నిమిషాలు నడిచింది. 1998లో బయల్దేరిన నాసా నౌక డీప్ స్పేస్-1 ఇంజిన్ మొదటిసారి వెలిగించినప్పుడు నాలుగున్నర నిమిషాలకే ఆగిపోయింది. మళ్లీ వెలిగించాక, ప్రయాణం ముగిసేసరికి మొత్తం 16,265 గంటలు నడిచింది. ఆ అనుభవంతోనే డాన్ నౌక 425 కిలోల జెనాన్ మోసుకెళ్లి, 2011లో వెస్టా అనే గ్రహశకలం చుట్టూ తిరిగి, అక్కడినుంచి బయటపడి 2015లో సెరిస్ అనే మరుగుజ్జు గ్రహం చుట్టూ తిరిగింది. భూమిని దాటాక రెండు వేర్వేరు ఖగోళాల కక్ష్యల్లోకి వెళ్లిన మొదటి నౌక అది. నేల మీద నాసా నెక్స్ట్ అనే ఇంజిన్‌ను శూన్య గదిలో 48,000 గంటలకు పైగా నడిపారు. ఐదున్నర ఏళ్లు. ఆ గది ముందు కూర్చుని రోజూ అంకెలు రాసుకున్న టెక్నీషియన్ల పేర్లు మనకు తెలియవు. నా దృష్టిలో ఈ రంగాన్ని ముందుకు నడిపింది వాళ్లే.

జపాన్ నౌక హయబుసా గురించి కాస్త ఆగి చెప్పాలి. 2003 మేలో బయల్దేరి, 2005లో ఇతోకవా అనే చిన్న గ్రహశకలాన్ని తాకింది. రసాయన ఇంధనం కారిపోయింది. కొన్ని వారాలు సంకేతాలే అందలేదు. మిగిలిన ఆశంతా ఎ, బి, సి, డి అనే నాలుగు అయాన్ ఇంజిన్ల మీదే. ఒక్కోదానిలో రెండు భాగాలు, అయాన్లను పుట్టించేది ఒకటి, ఎలక్ట్రాన్లను కలిపే న్యూట్రలైజర్ ఒకటి. 2009 నవంబరులో డి ఇంజిన్ న్యూట్రలైజర్ దెబ్బతిని ఆగిపోయింది. బి ఇంజిన్‌ది అంతకుముందే చెడింది. ఎ ఇంజిన్‌లో అయాన్ భాగం మొదటి నుంచీ సరిగా లేదు గానీ, వాడలేదు కాబట్టి దాని న్యూట్రలైజర్ కొత్తదానిలా ఉంది. హితోషి కునినాకా నాయకత్వంలోని బృందం ఏం చేసిందంటే, బి నుంచి అయాన్లు, ఎ నుంచి ఎలక్ట్రాన్లు వదిలి, రెంటినీ కలిపి ఒక ఇంజిన్‌గా నడిపింది. ఎలా కుదిరింది? నౌకను తయారుచేసేటప్పుడే, ఎప్పటికైనా పనికొస్తుందని రెండు ఇంజిన్ల సర్క్యూట్ల మధ్య ఒక చిన్న డయోడ్ పెట్టి ఉంచారు. ఆ డయోడ్ పుణ్యమా అని 2010 జూన్ 13న ఇతోకవా ధూళి ఆస్ట్రేలియా ఎడారిలో దిగింది. ఇక్కడున్న ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు ఈ మాట ప్రత్యేకంగా వినాలి. థ్రస్టర్ అంటే మెకానికల్ వాళ్ల సొత్తు అనుకోవద్దు. వందల వోల్టులను సంవత్సరాల తరబడి నిలకడగా ఇచ్చే పవర్ యూనిట్ తయారుచేయడం సగం యుద్ధం.

మన దేశంలో పరిస్థితి ఏమిటి? ఎలక్ట్రిక్ థ్రస్టర్లున్న జీశాట్-4 2010 ఏప్రిల్ 15న శ్రీహరికోట నుంచి లేచింది. రాకెట్ విఫలమై ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు. ఏడేళ్ల తర్వాత, 2017 మే 5న వెళ్లిన దక్షిణాసియా ఉపగ్రహం జీశాట్-9లో ఎలక్ట్రిక్ చోదనం వాడాం. 2025 మార్చిలో ఇస్రో మంచి వార్త చెప్పింది. ఇందాక లెక్క వేసిన 300 మిల్లీన్యూటన్ల థ్రస్టర్, 5.4 కిలోవాట్ల పూర్తి శక్తితో శూన్య గదిలో 1,000 గంటలు నడిచింది. మధ్యమధ్యలో లోపలి గోడ ఎంత అరిగిందో కొలుస్తూ వచ్చారు. దీన్ని టీడీఎస్-01 అనే ప్రయోగాత్మక ఉపగ్రహం మీద పరీక్షిస్తామని ప్రకటించారు. ఈ 1,000 గంటలను నేను ఎంతో గౌరవిస్తాను. అదే సమయంలో మీ నోట్‌బుక్‌లో ఉన్న 3,700 అంకెను దాని పక్కన పెట్టి చూడమంటాను. ఇంకా దూరం ఉంది.

ప్రైవేటు రంగమూ కదిలింది. 2024 జనవరి 1న పీఎస్ఎల్వీ-సీ58 చివరి దశను కక్ష్యలోనే ప్రయోగశాలగా వాడినప్పుడు, బెంగళూరులోని బెలాట్రిక్స్ ఏరోస్పేస్ తన హాల్ థ్రస్టర్ కోసం చేసిన కాథోడ్‌ను అందులో పంపింది. మామూలు కాథోడ్‌ను ముందు ఒక హీటర్‌తో వెయ్యి డిగ్రీలు దాటించి వేడిచేయాలి. ఆ హీటర్ తీగలు తెగిపోవడం పాత బెడద. వీళ్లది హీటర్ లేకుండానే వెలిగే రకం. అదే రాకెట్ దశ మీద హైదరాబాద్‌కు చెందిన ధ్రువ స్పేస్ పరికరం కూడా వెళ్లింది.

జెనాన్ ధర సంగతి క్లుప్తంగా చెప్తాను. గాలిలో వంద కోట్ల పరమాణువులకు 90 లోపే జెనాన్ ఉంటుంది. అందుకే స్టార్‌లింక్ వాళ్లు మొదట క్రిప్టాన్, 2023 నుంచి ఆర్గాన్ వాడుతున్నారు. ఆర్గాన్ గాలిలో దాదాపు ఒక శాతం, చవక. కాకపోతే తేలిక, అయానుగా మార్చడం కష్టం. వేల ఉపగ్రహాలు పంపేవాళ్లకు ఆ బేరం గిట్టుతుంది. ఇక మెల్లగా ఎక్కే ఉపగ్రహం నెలల తరబడి భూమి చుట్టూ ఉన్న వాన్ అలెన్ రేడియేషన్ వలయాల్లో ఉండాల్సి వస్తుంది, సౌర ఫలకాలు కొంత దెబ్బతింటాయి. దాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

మరి మనం ఏం చేయాలి? థ్రస్టర్ నెలల తరబడి నడుస్తున్నప్పుడు గాలిని, వచ్చే జెనాన్‌ను తోడేస్తూ లోపల శూన్యాన్ని కాపాడే పెద్ద గదులు దేశంలో ఇంకా కావాలి. అవి ఇస్రోకే పరిమితం కాకుండా విశ్వవిద్యాలయాలకు, చిన్న కంపెనీలకు వంతులవారీగా దొరకాలి. ఏళ్ల తరబడి ఒకే పరీక్ష నడిపితే ఏటా చూపించడానికి పెద్దగా ఏమీ ఉండదు, నిధులిచ్చేవాళ్లు అసహనపడతారు. అయినా ఇవ్వాలి. ఫెయిలైన పరీక్షల వివరాలూ ప్రచురించాలి, గోడ ఎక్కడ అరిగిందో తెలిస్తేనే పక్కవాడు దాన్ని దాటగలడు.

మీ కాలేజీలో పెద్ద గది లేకపోయినా పర్వాలేదు. ఒక చిన్న వాక్యూమ్ చాంబర్, ఒక టర్బో పంపు ఉంటే కాథోడ్ వెలిగించవచ్చు, లాంగ్‌మ్యూర్ ప్రోబ్ అనే చిన్న తీగతో ప్లాస్మా, అంటే అయాన్లు, ఎలక్ట్రాన్లు కలిసిన వాయువు, ఎంత సాంద్రంగా ఉందో కొలవవచ్చు. మిల్లీన్యూటన్లు కొలిచే లోలకం లాంటి థ్రస్ట్ స్టాండ్ ఫైనలియర్ ప్రాజెక్టుకు చక్కగా సరిపోతుంది. కేబుల్ వంపు వల్ల, వేడి వల్ల దాని సున్నా ఎలా జరిగిపోతుందో కనిపెట్టి సరిచేయడంలోనే ఒక సెమిస్టర్ గడిచిపోతుంది. గడవనివ్వండి. దాని గురించి వివరంగా అడగాలనుకునేవాళ్లు ఉంటే ఇప్పుడే మొదలుపెడదాం. మైకు ముందు వెనక వరుసలవాళ్లకు ఇవ్వండి.