దొమ్మ రోగం: శ్రోతల ఫోన్లు, డాక్టరు గారి జవాబులు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు విషయం దొమ్మ రోగం, అంటే ఆంథ్రాక్స్. జయపురం వైపు నుంచి ఒకరు ఫోనులో ఉన్నారు.

శ్రోత: నమస్కారమండీ. మా చిన్నాన్న ఎద్దు నిన్న సాయంత్రం మేత మేసింది, నెమరు వేసింది. తెల్లవారేసరికి చచ్చి పడి ఉంది. ముక్కులోంచి నల్లటి నెత్తురు, గడ్డ కట్టలేదు. పాము కరిచిందంటున్నారు. కోసి పంచుకుందామని ఊళ్లో మాట. బాగా ఉడికిస్తే ఫరవాలేదు కదా?

డాక్టరు: కోయవద్దు నాయనా. గడ్డ కట్టని నెత్తురు కనబడితే ముందు దొమ్మనే అనుమానించాలి. కళేబరం కోస్తే ఆ సూక్ష్మజీవికి గాలి తగిలి, విత్తనంలా గట్టి పెంకు కట్టుకుంటుంది. మట్టిలో దశాబ్దాలు ఉంటుంది. స్కాట్లాండ్ తీరాన గ్రుయినార్డ్ దీవిలో 1942లో బ్రిటన్ దీన్ని ఆయుధంగా పరీక్షించింది. ఆ దీవికి ముప్పు తప్పిందని 1990లో గాని ప్రకటించలేదు.

శ్రోత: నిజమేనండీ, కానీ ఎద్దు ఖరీదు... రెండు గంటలు ఉడికిస్తే?

డాక్టరు: మళ్లీ అదే ప్రశ్న! కుండలో పడకముందే చేతికి అంటుతుందయ్యా. మన కొరాపుట్ జిల్లాలో చచ్చిన పశువును కోసినవాళ్లకే ఎన్నోసార్లు వచ్చింది. కోయవద్దు.

శ్రోత: అంటే... పోయిన వారం మేక కూడా ఇలాగే పోయిందండీ. దాన్ని కోసుకున్నాం. మా తమ్ముడి ముంజేతి మీద పొక్కు లేచింది. మధ్యలో బొగ్గులా నలుపు, చుట్టూ వాపు. నొప్పి లేదంటున్నాడు.

డాక్టరు: ఈ మాట ముందే చెప్పవలసింది బాబూ. నొప్పి లేకపోవడమే దాని గుర్తు. గిల్లవద్దు, పసరు పూయవద్దు. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకువెళ్లండి, మేక సంగతి దాచకుండా చెప్పండి. వేళకు యాంటీబయాటిక్ పడితే నయమవుతుంది. మందు పడకపోతే ఐదుగురిలో ఒకరి ప్రాణం పోవచ్చు. మాంసం తిన్నవారందరూ వెళ్లాలి. మనిషి నుంచి మనిషికి సాధారణంగా అంటదు, అతన్ని దూరం పెట్టకండి. ఎద్దు దగ్గరికి కుక్కలను రానివ్వకండి, పశువైద్యుడిని పిలవండి.

శ్రోత: ఇప్పుడే బయలుదేరుతామండీ.

వ్యాఖ్యాత: రాయగడ నుంచి ఒక విద్యార్థిని.

శ్రోత: అమెరికాలో ఉత్తరాల్లో పొడిగా పంపి జనం మీద దాడి చేసినది ఇదేనా డాక్టరు గారూ?

డాక్టరు: ఇదేనమ్మా, 2001లో. 22 మందికి సోకింది, ఐదుగురు పోయారు. పొడి పీల్చి ఉండవచ్చనుకున్నవారికి 60 రోజుల మందులు ఇచ్చారు. ఊపిరితిత్తుల్లో నిద్రపోయే బీజం ఆలస్యంగా లేవవచ్చు. మొదట పసిగట్టింది ఫ్లోరిడాలో ఒక వైద్యుడు, రోగి వెన్నునీటి పరీక్షలో. నల్ల పొక్కును చూడగానే అనుమానించే ఆరోగ్య కార్యకర్త మన ఊళ్లో ఉంటే, అలాంటి దాడికైనా మనం సగం సిద్ధమైనట్టే.

వ్యాఖ్యాత: గుణుపురం, క్లుప్తంగా.

శ్రోత: పశువులకు టీకా ఎన్నాళ్లకు ఒకసారి?

డాక్టరు: దొమ్మ వచ్చే ఊళ్లలో ఏటా. వానలకు ముందే. ఇంకొక మాట, చచ్చినదాన్ని...

వ్యాఖ్యాత: కోయవద్దు. ధన్యవాదాలు డాక్టరు గారూ. మల్కన్‌గిరి, వినబడుతోందా?