రాడ్డు వదలడం ముందు నేర్చుకోవాలి

(శ్రీకాకుళంలో ఒక సంఘం యువజన కూడికలో చేసిన ప్రసంగం)

అందరికీ వందనాలు. నేను పాస్టర్ని కాదు, రిటైరైన పీఈటీ మాస్టార్ని. వాక్యం చెప్పమంటే నాకు టెన్షన్. వెయిట్‌లిఫ్టింగ్ గురించైతే తెల్లారేదాకా చెబుతాను.

తిమోతికి రాసిన మొదటి పత్రికలో పౌలు దేవభక్తి విషయంలో ‘సాధకము’ చేసుకోమంటాడు. అక్కడి గ్రీకు మాటా, జిమ్నాజియం అనే మాటా ఒకే వేరు నుంచి వచ్చినవి. మన బైబిల్లో దానికి పడిన తెలుగు మాట, సంగీతం నేర్చుకునేవాళ్లు రోజూ అనేదే. కొరింథువాళ్లకి పరుగుపందెం పోలిక చెప్పడం కూడా ఊరికే కాదు. ఆ ఊరి దగ్గరే రెండేళ్లకోసారి ఇస్త్మియా ఆటలు జరిగేవి.

సరే, మల్లీశ్వరి పెరిగిన మన ఊసవానిపేటకి వద్దాం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో, అంటే ఒకే ఊపున తలపైకి ఎత్తడంలో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడంలో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలకి వెళ్లి ఎత్తలేకపోయింది. అది తప్పిందని అంతకుముందు ఎత్తిన 130ని ఎవరూ కొట్టేయలేదు.

కొత్తగా వచ్చిన పిల్లలకి మేం బరువు ఇవ్వం. ముందు ఒట్టి కర్ర. తర్వాత రాడ్డు, ఆడపిల్లలది 15 కిలోలు, మగపిల్లలది 20. ఎత్తడంతో పాటే పడేయడం నేర్పుతాం. పట్టు తప్పిందా, వదిలేసి పక్కకి జరగాలి. కుర్రతనంలో నేను పరువు కోసం వదల్లేదు. కుడి మణికట్టు బూరెలా వాచి, నెలన్నర పాటు ఎడమ చేత్తో అన్నం తిన్నాను. మా అమ్మ తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే.

మనం డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ఏడాదిలో బైబిలంతా చదివేస్తామని తీర్మానం చేసుకుంటాం. ఆదికాండం, నిర్గమకాండం జోరుగా సాగుతాయి. లేవీయకాండం దగ్గర బండి ఆగిపోతుంది. పది రోజులు తప్పాక బైబిల్ తెరవడానికి మొహం చెల్లదు. ఇక మళ్లీ డిసెంబరే! ఇది నేను రాడ్డు పట్టుకుని వేలాడినట్టే. తప్పింది, ఒప్పుకుని వదిలేయాలి. జ్వరం తగ్గి వచ్చిన పిల్లాడికి ఆ రోజే పాత బరువు పెడతామా? మీరూ మిగిలిపోయిన నలభై అధ్యాయాలు ఒకేసారి చదవక్కర్లేదు.

ఒక్కచోట మాత్రం ఈ పోలిక నప్పదు. మా ఆటలో ముగ్గురు రిఫరీలుంటారు, ఎత్తింది చెల్లాలంటే రెండైనా తెల్ల లైట్లు వెలగాలి. ప్రార్థనకి లైట్లు లేవు. ఎన్ని రోజులు ఉపవాసం ఉన్నామో లెక్క చెప్పుకునేవాళ్లు మన సంఘంలోనూ ఉన్నారు, ఏమనుకోకండి. కృప పతకం కాదు కదా, ఎత్తి గెలుచుకోవడానికి.

117వ కీర్తన రెండే వచనాలు. రేపు పొద్దున్న అది చాలు. భోజనాలు రెడీ అని అక్కడినుంచి చెయ్యి ఊపుతున్నారు, లేవండి.